ఆరో నంబరు కన్ను

మేస్త్రి పోయాడన్న మాట నాకు బిలాస్‌పూర్‌లో, తెలిపారా బజారులో ఒక ఎలక్ట్రికల్ షాపు ముందు తెలిసింది. చెప్పినవాడు మా పాత యార్డులో గార్డుగా చేసిన మనిషి. నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టి, పిల్లలెంతమంది, ఇప్పుడెక్కడ ఉంటున్నారు అన్నీ అడిగాక, వెళ్లబోతూ వెనక్కి తిరిగి, "మేస్త్రీజీ గుజర్ గయే సాబ్" అన్నాడు. మర్నాడే పదో రోజట. నేను బిలాస్‌పూర్ వదిలి నాలుగేళ్లు దాటింది. ఆఫీసు పని మీద రెండు రోజుల కోసం వచ్చాను, సాయంత్రం బండికి టికెట్ ఉంది. స్టేషన్‌కి వెళ్లి ఆ టికెట్ రద్దు చేయించుకున్నాను. ఎందుకని ఎవరైనా అడిగి ఉంటే మర్యాద కోసమని చెప్పేవాణ్ణి. అడిగేవాళ్లు లేక ఒక అబద్ధం తప్పింది.

ఆయన పేరు రాయను. హాజరు పట్టీలో తప్ప ఆ పేరుతో ఎవరికీ పని పడలేదు. గార్డులకీ, మేనేజరుకీ, బస్తీలో పిల్లలకీ, చివరికి సొంత కోడలికీ కూడా ఆయన మేస్త్రే. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి పట్టాల పనికి వచ్చిన కుటుంబం. ఆయన రైల్వే వర్క్‌షాపులో రిటైరై, క్వార్టర్ ఖాళీ చేసి, లాల్‌ఖదాన్‌లో రెండు గదులు వేసుకున్నాడు. ఆ పక్కనే ఉన్న మా కంపెనీ యార్డులో మేస్త్రిగా చేరాడు. మా యార్డంటే పెద్ద ఖాళీ స్థలం, రెండు రేకుల షెడ్లు, కేబుల్ చుట్టిన చక్రాలు. కేబుల్లో రాగి ఉంటుంది కాబట్టి దొంగలకి మేమంటే మహా ప్రేమ.

మనిషి పొట్టి. ఖాకీ చొక్కాకి ఒక్క బొత్తాం మాత్రం తెల్లది. పొద్దున్నే గుడాకుతో పళ్లు తోముకుని, ఆ పొగాకు ఘాటుతోనే డ్యూటీకి వచ్చేవాడు. మధ్యాహ్నం డబ్బాలో చద్దన్నం, ఉల్లిపాయ. దాన్ని ఆ ఊరివాళ్ల లాగే బాసీ అనేవాడు. "బాసీ తిన్నారేటి బాబూ" అని నన్ను అడిగేవాడు, మేం గోదావరి జిల్లావాళ్లం టిఫిన్ తింటామని తెలిసి కూడా. ఏ వస్తువునీ అరచేత్తో ముట్టుకునేవాడు కాదు. ముందు చేతి వెనకవైపు ఆనించేవాడు. గోడకి, రేకుకి, టీ గ్లాసుకి, జ్వరమని సెలవడిగిన గార్డు నుదుటికి. వెనక చెయ్యికి మొహమాటం ఉండదని ఆయన నమ్మకం.

తొంభైల నడుమ ఒక వేసవిలో హెడ్డాఫీసు నుంచి మాకు ఎనిమిది పెట్టెలు వచ్చాయి. ఆరుబయట పెట్టే ఇన్‌ఫ్రారెడ్ డిటెక్టర్లు. అప్పట్లో అవి కొత్త. గుప్పెడంత తెల్లటి డబ్బా, ముందు పాలరంగు ప్లాస్టిక్ అద్దం. ఒంట్లో వేడి ఉన్నది ఏదైనా దాని ముందు కదిలితే పసిగడుతుంది, గార్డు రూములో గంట మోగుతుంది, ఏ నంబరు డబ్బా చూసిందో ఆ నంబరు బల్బు వెలుగుతుంది. మేస్త్రి వాటిని కళ్లు అన్నాడు. మర్నాటికి యార్డంతా కళ్లనే అంది. నేను మాత్రం చాలారోజులు డిటెక్టర్ అనే అన్నాను. నాకప్పుడు ఇరవయ్యారేళ్లు, ఇంజనీరింగ్ డిగ్రీ, చేతిలో ఇంగ్లీషు పుస్తకం.

పుస్తకంలో రాసిన ఎత్తులో, రాసిన దూరంలో, రెండు రోజుల్లో ఎనిమిదీ బిగించేశాను. మూడో రోజు సాయంత్రం నుంచి గంట మోగడం మొదలైంది. కుక్క వస్తే మోగింది. గాలి వస్తే మోగింది. ఏదీ రాకపోయినా మోగింది. గార్డులు మొదటి రోజు పరుగెత్తారు, రెండో రోజు నడిచారు, వారం తిరిగేసరికి గంటలో గుడ్డ కుక్కి పడుకున్నారు. ఈ సంగతి హెడ్డాఫీసుకి తెలిసి, ఉత్తి గంటలు నెలలోగా తగ్గించకపోతే కళ్లూ నేనూ ఇద్దరం వెనక్కి రావలసి ఉంటుందన్న అర్థం వచ్చేలా ఉత్తరం రాశారు.

మేనేజరు ఆ పని మేస్త్రికి అప్పజెప్పమన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పజెప్పాను. మూడు రోజులు ఆయన ఏ పనీ చెయ్యలేదు. ఒక స్టూలు వేసుకుని ఒక్కో కన్ను కింద కూర్చున్నాడు, ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి. నాలుగో రోజు నా ఓపిక అయిపోయి, ఏం చేస్తున్నారు మేస్త్రి గారూ అని గట్టిగానే అడిగాను.

"సూస్తన్నాను బాబూ."

"ఏం చూస్తున్నారు?"

"అది ఏటి సూస్తందో సూస్తన్నాను."

ఐదో రోజు నన్ను వెంటబెట్టుకుని తిప్పాడు. రెండో కన్ను పడమటికి ఉంది, సాయంత్రం ఎండ తిన్నగా దాని మొహంలో కొడుతోంది. నాలుగోది రేకుల షెడ్డు వైపు చూస్తోంది. ఆయన రేకు మీద వెనక చెయ్యి ఆనించి, పగలంతా కాగిన రేకు పొద్దుగూకాక గాలికి ఒకచోట చల్లారి ఒకచోట చల్లారదని, ఆ తేడా కంటికి నడిచినట్టు ఉంటుందని చెప్పాడు. ఏడోది మరీ తలెత్తి ఉంది. ఫెన్సింగ్ అవతల లూప్ లైనులో గూడ్స్ బండి ఇంజను వెళ్లినప్పుడల్లా మోగుతోంది. ఏ కన్ను ఎన్ని గంటలకి మోగిందో గార్డుల రిజిస్టరులో ఉంది, ఏ బండి ఎప్పుడు పోతుందో ఆయన తలలో ఉంది. రెండూ కలిపి చూడడం నాకు తట్టలేదు. ఒకటో కంటి ముందు బేషరమ్ అనే పిచ్చిపొదలు ఊగుతున్నాయి. మూడో డబ్బా విప్పితే లోపల బల్లి సంసారం పెట్టుకుని ఉంది.

ఎండ కొట్టేదాన్ని ఉత్తరానికి తిప్పాడు. ఇంజన్లు చూసేదాని తల దించి, చూపు ఫెన్సింగ్ ఇవతలే ఆగేలా చేశాడు. పొదలు నరికించాడు. వైరు దూరే కన్నాలన్నీ మైనంతో మూయించాడు. కుక్కల కోసం అద్దం లోపల కింది భాగాన నల్ల టేపు ముక్కలు కత్తిరించి అతికించాడు, మనిషి నడుము కనిపించాలి, కుక్క వీపు కనిపించకూడదు. ఆపైన ఒక్కో కంటి ముందూ తనే నడిచేవాడు. తుండు తలకి చుట్టుకుని దొంగలా నడిచేవాడు. ఒంగి నడిచేవాడు. తడి గోనె కప్పుకుని పాకేవాడు. గార్డులు పొట్టలు పట్టుకుని నవ్వేవారు, ఆయన పట్టించుకునేవాడు కాదు. కంటికి ఎదురుగా వచ్చేవాడు ఆలస్యంగా కనబడతాడు, అడ్డంగా పోయేవాడు బేగి కనబడతాడు అని కనిపెట్టి, దొంగ అడ్డంగా పోక తప్పనిచోట కళ్లని పెట్టించాడు. ఇదంతా నా పుస్తకంలో ఉంది. నేను చదివాను, ఆయన నడిచాడు.

ఆయనకి పడని మాట ఒకటి ఉండేది. ఉత్తి గంట అంటే ఒప్పుకునేవాడు కాదు. "ఉత్తినే ఎందుకు మోగుద్ది బాబూ? ఏదో ఒచ్చింది. అది మనకి అక్కర్నేదు, అంతే" అనేవాడు. ఎవరొచ్చారో తెలిసేదాకా ఆ గంటని వదిలిపెట్టేవాడు కాదు.

నెల గడిచేసరికి ఏడు కళ్లు దారికి వచ్చాయి. ఆరోది రాలేదు. అది వెనక మూలన ఉంది, అక్కడ ఫెన్సింగ్ పడిపోయి చాలాకాలమైంది. అది రోజూ ఒకటే వేళకి, తెల్లవారకముందు, అరగంట పాటు మోగేది. గార్డులు ఆ గంటకి మాత్రం గుడ్డ కుక్కేవారు కాదు. ఉత్సాహంగా టార్చిలైట్లు, లాఠీలు పట్టుకుని పరుగెత్తేవారు. ఎవరొచ్చారంటే కుక్కలని రాసేవారు. నేను కుక్కలనే నమ్మాను.

ఒకరోజు పొద్దున్న మేస్త్రి నా గదిలోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడ్డాడు. ఎప్పుడూ తిన్నగా మాట్లాడే మనిషి, ఆ రోజు ఎక్కడెక్కడో తిరిగి వచ్చాడు. బస్తీలో మరుగుదొడ్లు లేవన్నాడు. పట్టాల పక్క బయలుకి మా యార్డు మూల మీదుగానే అడ్డదారి అన్నాడు. నాకు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది.

"ఒచ్చేది మన ఆడకూతుళ్లు బాబూ," అన్నాడు నేలకేసి చూస్తూ. "చెంబు పట్టుకుని పోతారు. ఈళ్లు లైట్లేసుకుని ఎనకాల పడతన్నారు."

అంతకు రెండు రోజుల కిందట ఒక ముసలావిడ పరుగెత్తబోయి కాలవలో పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోవాలంటే ఎక్కడ పడిందో, ఎందుకు పడిందో చెప్పాలి. మేస్త్రి ముందు మేనేజరు దగ్గరికే వెళ్లాడట, ఆ దారిని బయటికి వదిలేసి ఫెన్సింగ్ లోపలికి జరిపి కట్టమని. మనం మునిసిపాలిటీ వాళ్లమా అని మేనేజరు నవ్వాడట. ఇక మిగిలింది ఒకటే. ఆరో కంటి అద్దం మీద ఎడమ పక్క వేలెడు వెడల్పు టేపు వేస్తే ఆ దారి ఒక్కటే దానికి కనబడదు. మిగతా మూలంతా కనబడుతుంది.

"మీరు ఊఁ అంటేనే ఎయ్యాల బాబూ. నా అంతట నానెయ్యను" అన్నాడు.

నేను ఊఁ అన్నాను. వెయ్యండి, కాగితం మీద ఏమీ అక్కర్లేదు అన్నాను. జాలిపడి అన్నానని చెప్పుకోవాలని ఉంది. జాలి ఉంది కూడా. కానీ నెలాఖరు రిపోర్టు మూడు రోజుల్లో పంపాలి, ఆరో నంబరు ఒక్కటే మిగిలింది. టేపు వేసిన మర్నాటి నుంచి అది నోరు మూసింది. ఎత్తు, కోణం సరిచేసి ఉత్తి గంటలు దాదాపు లేకుండా చేశానని రిపోర్టు రాశాను. చేశాం అని కాదు, చేశాను అనే రాశాను. హెడ్డాఫీసు నుంచి మెప్పు ఉత్తరం వచ్చింది. అది మేస్త్రికి చూపిస్తే చేతులు తుడుచుకుని, ఇంగ్లీషు చదవడం రాకపోయినా రెండు వైపులా తిప్పి చూసి, "మంచిదయినాది బాబూ" అన్నాడు.

ఏడాది నడిచింది. ఆ ఏడాది మేమిద్దరం స్నేహితుల్లాగే ఉన్నాం. చైత్రంలో బస్తీ తెలుగువాళ్లంతా కలిసి అమ్మవారి పండగ చేసేవారు. పసుపు పూసిన ఘటాలు ఇంటింటికీ తిరిగేవి. పందిరికి, వీధికి లైట్లు కట్టే పని ముప్పై ఏళ్లుగా మేస్త్రిదే. వేరొకరు వైరు ముట్టుకుంటే ఊరుకునేవాడు కాదు. ఆ లైట్ల కింద నన్ను నిలబెట్టి, పండగ కమిటీ పెద్దకి చూపించి, "మా ఇంజనీరు బాబు" అని పరిచయం చేశాడు. మా అనడంలో ఆయన ఎంత గర్వపడ్డాడో నాకు ఇప్పటికీ గుర్తుంది, గుర్తుకొచ్చినప్పుడల్లా ఒళ్లు మండుతుంది, నా మీద నాకే.

వానాకాలంలో దొంగతనం జరిగింది. ఆడవాళ్లు నడిస్తే గంట మోగడం లేదని బస్తీకి తెలిసినట్టే దొంగలకీ తెలిసింది. ఆ మూల నుంచే వచ్చి, నాలుగు చక్రాలకి చుట్టిన కేబుల్ కోసుకుని ఆ దారినే పోయారు. హెడ్డాఫీసు నుంచి ఒక పెద్దాఫీసరు వచ్చాడు. ఎనిమిది కళ్లూ విప్పించాడు. ఆరోదాంట్లో కుక్కల కోసం వేసిన టేపు కాక, ఎడమ పక్క ఇంకో టేపు దొరికింది.

ఎంక్వైరీ రోజు పొద్దున్న మేస్త్రి మా గేటు దగ్గర నా కోసం కాచుకుని ఉన్నాడు. ఒక్క మాట అడిగాడు. "ఆడకూతుళ్ల ఊసు అక్కడ ఎత్తకండి బాబూ. ఎత్తితే ఆళ్లని పిలిచి అడుగుతారు, ఎప్పుడెల్తారు, ఎలాగెల్తారు అని." సరేనన్నాను. ఆయన అడిగింది అంతే. నేను ఊఁ అన్న సంగతి దాచమని ఆయన అడగలేదు, నన్ను తప్పించుకోమనీ చెప్పలేదు.

గదిలో ఆఫీసరు, మేనేజరు, నేను కూర్చున్నాం. మేస్త్రి నిలబడ్డాడు. టేపు ముక్క బల్ల మీద ఉంది. ఎవరు వేశారని అడిగితే నేనే అన్నాడు. ఎందుకు వేశావంటే మాట్లాడలేదు. ఎవరు వెయ్యమన్నారంటే ఒకసారి నా వైపు చూశాడు. బతిమాలడం లేదు ఆ చూపులో, నిందా లేదు. తరవాతి మాట నాదన్నట్టు చూశాడంతే. దొంగల దగ్గర ఏం తీసుకున్నావని ఆఫీసరు అడిగాడు. అప్పుడు ఆయన తన చొక్కా అంచు గట్టిగా పట్టుకున్నాడు. ఆఫీసరు నా వైపు తిరిగి, ఈ సంగతి మీకు తెలుసా అన్నాడు.

"ముఝే జాన్‌కారీ నహీ థీ సర్" అన్నాను.

నాకు తెలియదని చెప్పడానికి తెలుగు నోట్లోకి రాలేదు. ఆ మాట మేస్త్రికి అర్థం కాకుండా ఉండాలని అనుకున్నానేమో. ముప్పయ్యేళ్లు అక్కడ ఉద్యోగం చేసిన మనిషికి హిందీ నాకన్నా బాగా వచ్చు. ఆడవాళ్ల పేరెత్తకుండానే, నేనే వెయ్యమన్నాను అని రెండు మాటలు అనవచ్చు. కారణం అడిగితే ఉత్తి గంటలు తగ్గించడానికి అనవచ్చు, అది నిజం కూడా. ఆయన అడిగిన దాన్ని అడ్డం పెట్టుకుని నా భయాన్ని దాచుకున్నాను. ఆ సాయంత్రమే ఆయన్ని పనిలోంచి తీసేశారు. పోలీసు కేసు పెడితే యార్డు పరువు పోతుందని మేనేజరు వద్దన్నాడు, అందువల్ల అక్కడితో ఆగింది.

ఆగింది యార్డులో. బస్తీలో ఆగలేదు. మేస్త్రి దొంగలతో కలిశాడన్నారు. తరవాతి చైత్రంలో పండగకి లైట్లు కట్టడానికి కమిటీ వేరే మనిషిని పిలిచింది. ఆ లైట్లు నేను రోడ్డు మీద నుంచి చూసి స్కూటరు ఆపకుండా వెళ్లిపోయాను.

బదిలీకి ముందు ఒక్కసారి కలిశాను. రాజ్‌కిశోర్ నగర్‌లో కొత్త ఇల్లు కట్టుకున్న డాక్టరు ఒకాయన వరండాకి, మనిషి వస్తే తనంతట తానే వెలిగే లైటు పెట్టించుకుంటున్నాడు. నిచ్చెన మీద మేస్త్రి. నేను స్కూటరు ఆపాను. ఆయన నన్ను చూసి దిగకుండానే, ఏడో నంబరు మళ్లీ ఇంజన్లు చూస్తోందా అని అడిగాడు. చూడ్డం లేదన్నాను. సంతోషించాడు. "మంచి టయానికొచ్చినారు. ఓపాలి నడండి బాబూ, సూద్దాం" అన్నాడు. వరండా ముందు నేను నడిచాను. నిచ్చెన దగ్గరికి వచ్చి, "మేస్త్రి గారూ, ఆ రోజు" అన్నాను.

"తిన్నగా రాకండి బాబూ. అడ్డంగా నడండి" అన్నాడు.

అడ్డంగా నడిచాను. లైటు వెలిగింది. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు ఐదారుసార్లు నడిపించాడు. ఆయన చాలన్నాక డాక్టరు బయటికి వచ్చాడు. మాట వేరే వైపు మళ్లింది. నేను వెళ్లిపోయాను. పక్కనే నిలబడి డాక్టరు లోపలికి వెళ్లేదాకా ఆగవచ్చు. ఆగలేదు.

పదో రోజు నేను లాల్‌ఖదాన్ వెళ్లేసరికి మొదటి బంతి భోజనాలు అయిపోయాయి. బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్లలో కమిటీ పెద్ద ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. మేస్త్రి భార్య గోడకి ఆనుకుని చాప మీద కూర్చుని ఉంది. నేను ఆవిణ్ణి రెండుసార్లు చూశానేమో. నన్ను చూడగానే లేవబోయింది. వద్దమ్మా అని నేనే కింద కూర్చున్నాను.

"ఈ బాబే," అంది చుట్టూ ఉన్నవాళ్లతో. "పెద్దాఫీసరు ముందర, ఆ టేపు నానే ఎయ్యమన్నాను, మేస్త్రిది తప్పు నేదు అని సెప్పినారట. నా ఉద్యోగం పోతే పోనీ అన్నారట. ఈరి మాట మీదే పోలీసులికి అప్పజెప్పకండా ఒగ్గీసినారట. ఎన్నిపాల్లు సెప్పేవోడో మా ఆయన."

ఎంక్వైరీ గదిలోంచి ఆ సాయంత్రం మేస్త్రి ఇంటికి ఏ మాట తీసుకెళ్లాడో అప్పుడు తెలిసింది. కమిటీ పెద్ద తల ఊపాడు. ఒక ఆఫీసరు తన మీద వేసుకున్నాడంటే మేస్త్రి దొంగ ఎలా అవుతాడని వాళ్లు ఆలోచించారట. రెండేళ్ల తరవాత పండగ లైట్లు మళ్లీ ఆయన్నే కట్టమన్నారట. మొన్న చైత్రంలో కూడా ఆయనే కట్టాడట.

"ఎందుకేసినాడో మా ఆడోళ్లకి తెలుసు బాబూ," అందావిడ గొంతు తగ్గించి. "మొగోళ్లతో ఏటని సెప్తాం. మీరు సెప్పినారు, అదే పదేలు."

అప్పుడైనా నోరు తెరవాలనుకున్నాను, తెరిచాను. "అమ్మా, ఆ టేపు నేనే వెయ్యమన్నాను" అన్నాను. అన్ని సంవత్సరాలకి ఆ మాట తెలుగులో, అందరి ముందూ, గట్టిగా అన్నాను. గదిలో ఎవరూ ఉలిక్కిపడలేదు.

"తెలుసు కదు బాబూ," అన్నాడు కమిటీ పెద్ద. "అందుకే కదా మీకింత మర్యాద."

ఇంకొక్క వాక్యం మిగిలి ఉంది. ఆ రోజు ఆఫీసరు ముందు ఈ మాట చెప్పలేదు అనాలి. అంటే నా మర్యాద పోతుంది, దానికి నేను సిద్ధపడే వచ్చాను. కానీ మేస్త్రి మాట కూడా పోతుంది, దానితో ఆయన తిరిగి తెచ్చుకున్న పేరు పోతుంది. అందుకే ఊరుకున్నానో, ఎప్పటిలాగే భయపడి ఊరుకున్నానో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆవిడ కోడల్ని పిలిచి, బాబుకి విస్తరి వెయ్యమంది. రెండో బంతిలో నన్ను అందరికన్నా ముందు కూర్చోబెట్టారు. పెట్టిందంతా తిన్నాను.